నువైద్రాత్‌లో రక్తం ఇవ్వనన్నవాళ్ళు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి చలికాలంలో నన్ను మనామాలోని సీరాలజీ (రక్తరస పరీక్షల) ప్రయోగశాల నుంచి ఒక క్షేత్ర సర్వేకి సమన్వయకర్తగా మార్చారు. అప్పటికి నేను సీనియర్ టెక్నాలజిస్టుని. బహ్రెయిన్‌లో నా ఉద్యోగ జీవితమంతా రక్త నమూనాల మధ్యే గడిచింది. నమూనా ఇచ్చిన మనిషి ముఖం చూడాల్సిన అవసరం అరుదుగా వచ్చేది. గొట్టం మీద ఒక సంఖ్య, దానికో ఫలితం, కింద నా సంతకం. పదవీ విరమణకు దగ్గరపడ్డ నన్ను లేబర్ క్యాంపుల చుట్టూ తిరిగే పనికి ఎందుకు ఎంచుకున్నారంటే, నాకు తెలుగు, హిందీ, పనికి సరిపడా అరబ్బీ వచ్చు. అంతకుమించి ప్రత్యేకత ఏమీ లేదు.

సర్వే విషయం జననాంగ హెర్పిస్. ఈ పేరు వినగానే చాలామంది ముఖం తిప్పుకుంటారు కాబట్టి క్లుప్తంగా చెప్పేస్తాను. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది ఎక్కువగా పెదవుల మీద పొక్కులు తెస్తుంది. రెండోది లైంగిక సంబంధం ద్వారా సోకి, మర్మావయవాల దగ్గర పొక్కులుగా, పుండ్లుగా బయటపడుతుంది. ఒకసారి ఒంట్లో చేరాక నాడుల మొదళ్ళలో దాక్కుని జీవితాంతం ఉండిపోతుంది. పెద్దవాళ్ళలో సాధారణంగా ప్రాణం తీసే జబ్బు కాదు. అయితే ఇది ఉన్నవాళ్ళకు హెచ్ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది. కాన్పు వేళ తల్లి నుంచి సోకితే పసిబిడ్డకు ప్రమాదం. అందుకే ఇది జనంలో ఎంతమేరకు ఉందో తెలుసుకోవాలని ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్ళు కోరుకుంటారు.

తెలుసుకోవడం అంత సులువు కాదు. సోకినవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్ళు సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్ళరు. కాబట్టి ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కపెడితే ఏమీ తేలదు. దానికి బదులు మామూలు జనంలోంచి కొందరిని ఎంచి, వాళ్ళ రక్తంలో ఈ వైరస్‌కి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తాం. యాంటీబాడీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని అర్థం. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. ఈ లెక్కనే మా వృత్తిలో సీరోప్రివలెన్స్ అంటారు.

దీంట్లో ఒక కఠినమైన నియమం ఉంది. మనుషుల్ని మనం ఎంచకూడదు, చీటీ ఎంచాలి. మొదట క్యాంపులకు చీటీ తీస్తాం, తర్వాత ఆ క్యాంపులో గదులకు, తర్వాత గదిలో ఒక మనిషికి. పేరు వచ్చినవాడు రానంటే ‘నేనిస్తాను’ అని ముందుకొచ్చిన పక్క మంచం మనిషి రక్తం తీసుకోకూడదు. తీసుకుంటే అది సర్వే కాదు, రక్తదాన శిబిరం అవుతుంది.

మా బృందానికి అధిపతి డాక్టర్ మరియం. బుదైయాలో తోటల మధ్య పెరిగిన బహ్రెయినీ. చర్మవ్యాధులు, లైంగిక వ్యాధులు ఆమె విభాగం. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. దేశంలో ఉంటున్న జనంలో సగానికి తక్కువ కాకుండా విదేశీయులే ఉన్నప్పుడు, వాళ్ళను వదిలేసి వేసిన లెక్క సగం లెక్కేనని పట్టుబట్టి క్యాంపులను సర్వేలో చేర్పించింది ఆమే. స్త్రీల భాగం ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఒక క్లినిక్‌లో సాఫీగా నడుస్తోంది. పురుషుల భాగం ఊళ్ళలో మొదలైంది. లేబర్ క్యాంపులకు తీసిన మొదటి చీటీ నువైద్రాత్ దగ్గర ఒక నిర్మాణ కంపెనీ క్యాంపుకి వచ్చింది. అక్కడ ఉండేది చాలావరకు జగిత్యాల, నిజామాబాద్ వైపు మనవాళ్ళే. తెలుగుదాన్ని కదా, నాకు పని తేలికవుతుందని అందరం అనుకున్నాం.

శుక్రవారం సెలవు. పొద్దున్నే నర్సును, సామాన్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. మెస్ హాలులో బల్ల వేసుకుని కూర్చున్నాం. పేర్లు వచ్చినవాళ్ళకు కబురు పంపాం. అటూ ఇటూ పోతూ తొంగి చూసినవాళ్ళే గాని లోపలికి వచ్చి చెయ్యి చాపినవాళ్ళు లేరు. చివరికి ఒకాయన వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నలభై దాటిన వయసు, దిట్టమైన భుజాలు, శుభ్రంగా ఉతికిన చొక్కా. పేరు గంగారాం. స్టీల్ ఫిక్సర్లకు ఫోర్‌మన్. స్లాబు పోయడానికి ముందు ఇనుప చువ్వలను అల్లి కట్టే ముఠా ఆయన కింద పనిచేస్తుంది. క్యాంపులో ఆయన మాటకు విలువ ఉందని ఆయన రాగానే వెనక చేరిన గుంపును చూస్తే తెలిసింది. (పేరు మార్చాను. ఈ సంగతి రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాను.)

“మేడం, మీరు తెలుగోళ్ళు గావట్టి మర్యాదగ జెప్తున్న,” అన్నాడు. “ఇయ్యాల రక్తం ఇచ్చుడు, రేపు వీసా ఇచ్చిన కఫీల్ చేతుల కాయితం వడుడు, ఎల్లుండి టికెట్టు. ఖలాస్. మావోళ్ళు ఎవ్వరు ఇయ్యరు.”

కంపెనీకి ఏ ఫలితమూ వెళ్ళదని, గొట్టం మీద పేరు కాకుండా ఒక కోడ్ మాత్రమే ఉంటుందని, అదే కోడ్ ఉన్న చీటీ వాళ్ళకిస్తామని వివరించాను. చివరిదాకా విని, “అందరు గట్లనే అంటరు,” అని వెనుదిరిగాడు. గుంపు ఆయన వెంటే వెళ్ళిపోయింది. ఎండెక్కాక ఖాళీ గొట్టాలతో తిరిగి వచ్చాం.

తర్వాతి వారం సమావేశంలో ఈ క్యాంపు గురించే చర్చ. ఒకరు ఈ క్యాంపును వదిలేసి, సహకరించే మరో క్యాంపును తీసుకుందామన్నారు. మరొకరు ఆసుపత్రుల్లో వేరే పరీక్షలకు తీసిన రక్తంలో మిగిలినది వాడుకుందామన్నారు. రెండూ చూడటానికి తెలివైన దారులే. డాక్టర్ మరియం రెండింటినీ ఒప్పుకోలేదు. “ఆసుపత్రికి వెళ్ళే ధైర్యం ఉన్నవాళ్ళ రక్తమే ఆసుపత్రిలో మిగులుతుంది. మనకు కావలసింది వెళ్ళనివాళ్ళ లెక్క,” అంది. అయితే గడువు ఆమె చేతిలో కూడా లేదు. నెలాఖరులోగా నువైద్రాత్ కదలకపోతే క్యాంపుల భాగాన్నే సర్వేలోంచి తీసేస్తారని, మిగతా జనం లెక్కనే మొత్తం దేశం లెక్కగా అచ్చేస్తారని నాతో విడిగా చెప్పింది.

మళ్ళీ శుక్రవారం వెళ్ళాను. ఈసారి నర్సు లేదు, సూదులు లేవు. నేనొక్కదాన్నే వెళ్ళి మెస్‌లో కూర్చుని, అడిగినవాళ్ళకు అడిగినది చెప్పాను. ఈ రోగం కుళాయి నీళ్ళతో వస్తుందా? ఒకే బాత్రూం వాడితే అంటుతుందా? ఉన్నట్టు తేలితే పెళ్ళి చేసుకోవచ్చా? ప్రశ్నలు వస్తుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. వీళ్ళకు ఆసక్తి లేకపోవడం కాదు, భయం ఉంది. గంగారాం గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి అంతా వింటున్నాడు.

భోజనాల వేళకు జనం పలచబడ్డారు. నేను కారు దగ్గరికి నడుస్తుంటే వెనక నుంచి వచ్చాడు.

“మేడం, ఒక్క మాట. ఏమనుకోకుండ్రి.”

“చెప్పండి గంగారాం గారూ.”

రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తూ అడిగాడు: “మీ టెస్టుల పెద్దరోగం గూడ తెలుస్తదా?”

ఆ వైపు పల్లెల్లో ఎయిడ్స్‌ను ఆ మాటతోనే చెబుతారు. తెలియదన్నాను. మేం చూసేది ఒక్క హెర్పిస్ మాత్రమే, హెచ్ఐవీ చూడం, చూడమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఆ గొట్టంలో రక్తంతో ఇంకేదీ చూసే హక్కు కూడా మాకు లేదు అన్నాను. నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. అప్పుడు తన సంగతి మొదలుపెట్టాడు. ఆడమనిషితో ఈ మాటలు మాట్లాడవలసి వచ్చినందుకు నేల చూపులు చూస్తూనే చెప్పాడు.

కొన్నేళ్ళ కిందట మర్మస్థానంలో చిన్న పొక్కులు లేచాయట. పగిలి పుండయ్యాయి, మంట, గజ్జల్లో బిళ్ళలు, జ్వరం. మానిపోయాయి. మళ్ళీ ఎండాకాలంలో పని ఎక్కువైనప్పుడు అదే చోట లేచాయి. అప్పట్నుంచి వస్తూ పోతూ ఉన్నాయి. అప్పటి గది మనిషి ఒకడు చూసి, పెద్దరోగానికి ఇదే మొదటి గుర్తు అని చెప్పాడట. ఆ మనిషి ఆ తర్వాత వేరే దేశం వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఈయన దగ్గర ఉండిపోయింది. డాక్టరుకు చూపిస్తే పంపించేస్తారని చూపించలేదు. ఫార్మసీలో ఏదో లేపనం కొనుక్కుని రాసుకునేవాడు.

“అప్పటిసంది ఇంటికి పోలేదు మేడం,” అన్నాడు. “వెకేషన్ వచ్చినప్పుడల్ల ఏదో ఒకటి చెప్పుడే. డ్యూటీ ఉన్నదని, పాస్‌పోర్టు పనుందని. పోతే నా పెండ్లానికి అంటుకుంటది. పోకుంటే, ఈ గల్ఫుల నాకింకో ఆడిది ఉన్నదనుకుంటది. అనుకునుడేంది, అన్నది గూడ. ఆర్నెల్లాయె, ఫోన్ చేస్తె బిడ్డకిస్తది, తను మాట్లాడది. ఏది జేసినా తప్పే అయితున్నది.”

మొదటి రోజు ఆయన గుంపునంతటినీ ఎందుకు ఆపాడో అప్పుడు తెలిసింది. క్యాంపులో రక్తం తీయడం మొదలైతే ఎప్పటికో ఒకప్పటికి తన వంతు వస్తుందని ఆయన భయం.

నేను డాక్టర్ని కాను, కాబట్టి ఇది ఫలానా అని చెప్పే అధికారం నాకు లేదు. ఆ మాటే ముందు చెప్పాను. తర్వాత, అదే చోట మళ్ళీ మళ్ళీ వచ్చే పొక్కులు మేం లెక్కపెట్టడానికి వచ్చిన హెర్పిస్ తీరుకే దగ్గరగా ఉన్నాయని, ఆ రోగం ఉన్నంత మాత్రాన పెద్దరోగం ఉన్నట్టు కాదని చెప్పాను. పొక్కు కొత్తగా లేచిన ఒకటి రెండు రోజుల్లో దాని మీద దూదిపుల్లతో తుడిచి పరీక్షిస్తే వైరస్ నేరుగా దొరుకుతుంది. అలా లేచిన రోజు నాకు ఫోన్ చేయమని నంబరిచ్చాను.

“పెద్దరోగం సంగతి?” అన్నాడు.

ఇక్కడ నేను నిబంధన ఎలా ఉందో అలాగే చెప్పాను. ఈ దేశంలో విదేశీ కార్మికుడి హెచ్ఐవీ ఫలితం అతని వీసాతో ముడిపడి ఉంటుంది. మన దేశంలో ప్రభుత్వాసుపత్రిలో అదే పరీక్ష ఉచితంగా చేస్తారు, ముందూ వెనకా కూర్చోబెట్టి మాట్లాడతారు, ఎవరినీ ఎక్కడికీ పంపరు. ఉన్నా కూడా ఇప్పుడు మందులున్నాయి, వాడుతూ మామూలుగా బతుకుతున్నారు. ఎక్కడ చేయించుకోవాలో నిర్ణయం మీదే, చేయించుకోకుండా మాత్రం ఉండకండి, అన్నాను. ఈ మాటలను ఆ రోజు సాయంత్రమే డాక్టర్ మరియంకి ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. సరిగానే చెప్పావంది.

సర్వేకి మీవాళ్ళను పంపండని మాత్రం ఆయన్ని అడగలేదు. నోటిదాకా వచ్చింది. కానీ సాయం చేసినదానికి బదులుగా తీసుకునే సమ్మతిని మా వృత్తిలో సమ్మతి అనరు.

ఆ వారం డాక్టర్ మరియం, నేను కూర్చుని మా సమాచార పత్రాన్ని మళ్ళీ చదివాం. రక్తం తీసే ముందు ప్రతివారికీ ఇచ్చే కాగితం అది. మేం ఏ పరీక్ష చేస్తామో దాంట్లో చక్కగా ఉంది. ఏ పరీక్షలు చేయమో లేదు. ఫలితం ఎవరికి చెబుతామో ఉంది. ఎవరికి చెప్పమో లేదు. పాజిటివ్ వచ్చినవాళ్ళకు వైద్యం ఎక్కడ దొరుకుతుందో అసలే లేదు. శాస్త్రం ప్రకారం తప్పు లేని కాగితమే. చదివే మనిషి భయానికి మాత్రం దాంట్లో జవాబు లేదు. అలాంటి పత్రంలో ఒక్క వాక్యం మార్చాలన్నా నైతిక సమితి ఆమోదం కావాలి. సర్వేలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే పరిశీలకుల బృందం అది. డాక్టర్ మరియం సమితి ముందు కూర్చుని వాదించి ఆమోదం తెచ్చింది, దాంతోపాటు గడువు కూడా కొంచెం పొడిగించుకొచ్చింది. కొత్త పత్రాన్ని కార్మికుల భాషల్లో రాయించాం. చదువు రానివాళ్ళ కోసం పైకి చదివి వినిపించాలని నియమం పెట్టాం. తెలుగు పత్రం నేనే రాశాను. ‘ఈ రక్తంలో హెచ్ఐవీ చూడం. కామెర్లు చూడం. ఫలితం కంపెనీకి, వీసా ఆఫీసుకి, ఇంట్లోవాళ్ళకి చెప్పం. మీ కోడ్ చీటీ తెస్తే మీకు చెబుతాం, రోగం ఉంటే మందు ఇస్తాం.’ నేను రాసినవాటిలో అందరికీ అర్థమైన కాగితం బహుశా అదొక్కటే.

ఈలోగా ఒకరోజు గంగారాం ఫోన్ చేశాడు. “లేసినయి మేడం,” అన్నాడు, అంతే. ఉమ్మ్ అల్ హస్సామ్ క్లినిక్‌కి రమ్మన్నాను. డ్యూటీ బట్టల్లోనే, సిమెంటు మరకలతో వచ్చాడు. డాక్టర్ మరియం పరీక్షించింది. నమూనా నేను పనిచేసిన ప్రయోగశాలకే వెళ్ళింది. ఫలితం ఆమెకు చేరాక మళ్ళీ పిలిపించాం. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడింది. మధ్యలో నేను తెలుగులో అందించాను. రెండో రకం హెర్పిస్.

“గీ రోగంతోని సావు లేదా?” అని నన్నడిగాడు.

“లేదు.”

“మొత్తానికే పోతదా?”

“పోదు. దాక్కుంటుంది. అప్పుడప్పుడు బయటికొస్తుంది. వచ్చినప్పుడు వెంటనే మాత్రలు మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రావడమూ తగ్గుతుంది.”

“అంటే సుట్టపోడి లెక్క వచ్చి పోతుంటదన్నట్టు,” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నేనెందుకు నవ్వానో డాక్టర్ మరియంకి చెబితే ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు గాని కుర్చీలో వెనక్కి జారి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆమె భార్య విషయం వివరించింది. పుండ్లు ఉన్నప్పుడు కలవకూడదు. పుండ్లు లేనప్పుడూ కొంత అవకాశం ఉంటుంది కాబట్టి కండోమ్ వాడాలి. రోజూ మాత్ర వేసుకుంటే సోకే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ భార్యకు చెప్పాకే ఆమె ఇష్టప్రకారం నడవాలి. చివరి మాట దగ్గర ఆయన, “చెప్పుడే కష్టం డాక్టరమ్మా,” అన్నాడు. “అది మాత్రం మందుతో తగ్గదు,” అందామె. అది నేను తెలుగులోకి మార్చే లోపే ఆయన తలూపాడు.

కొత్త పత్రంతో నువైద్రాత్‌కి మళ్ళీ వెళ్ళిన శుక్రవారం మెస్ హాలులో కుర్చీలు చాలలేదు. గంగారాం ఎవరినీ రక్తం ఇవ్వమనలేదు, తన సంగతి ఎవరికీ చెప్పుకోనూ లేదు. గుమ్మం దగ్గర నిలబడి, “మేడం సదివేది ఇనుండ్రి. ఇన్నంక ఎవని ఇష్టం వానిది,” అన్నాడు. అంతకుమించి ఆయన చేసిందేమీ లేదు. పత్రం పైకి చదివాను. కొందరు ‘కంపెనీకి చెప్పం’ అన్న వాక్యం మళ్ళీ చదవమన్నారు. చదివాను. మొదటిసారి రానన్నవాళ్ళలో ఎక్కువమంది వచ్చి కూర్చున్నారు. కొందరు అప్పుడూ వద్దన్నారు. అది వాళ్ళ హక్కు. వద్దనడానికి కారణం చెప్పడం ఇష్టమైతే చెప్పమని అడిగి, చెప్పినది రాసుకున్నాం.

పని చివరికొచ్చేసరికి గంగారాం చొక్కా చెయ్యి మడిచి నర్సు ముందు కూర్చున్నాడు. నేను లేవమన్నాను. ఆయన గదిలో చీటీ వేరే మనిషికి వచ్చింది.

“నాకు ఉన్నదని తెల్సినంక గూడ తీసుకోరా?” అని గొంతు బాగా తగ్గించి నన్నడిగాడు.

“తెలిసింది కాబట్టే అసలు తీసుకోకూడదు. తెలిసినవాళ్ళను ఏరుకుని కలిపితే లెక్క పెరిగిపోతుంది గంగారాం గారూ,” అన్నాను నేనూ మెల్లగా.

“అరే, మొన్నటిదాక ఇయ్యమంటె రమ్మంటిరి, ఇయ్యాల ఇస్తనంటె పొమ్మంటున్నరు,” అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆయన నవ్వు చూడటం నాకదే మొదటిసారి.

రక్తం ప్రయోగశాలకు చేరాక పని నాకు అలవాటైన దారిలో పడింది. పాజిటివ్‌కి, నెగెటివ్‌కి మధ్య గీతకు దగ్గరగా వచ్చిన నమూనాలను నమ్మడానికి లేదు. అలాంటివాటిని వేరే పద్ధతిలో మళ్ళీ పరీక్షించాం. ఫలితాలు చెప్పే రోజులు మాత్రం నాకు కొత్త. స్త్రీల భాగంలో కోనసీమ నుంచి వచ్చిన మంగమ్మ అని ఒకావిడ, బుదైయాలో ఒక విల్లాలో ఇంటిపని చేసేది. పాజిటివ్ అని చెబితే ఆమె తెల్లబోయింది. “మా ఆయన పోయి ఎన్నాళ్ళో అయిందండీ. నేనా, ఏ పాపం ఎరగను. ఇదేంటండీ ఇప్పుడు?” వైరస్ ఎన్నేళ్ళయినా చడీచప్పుడు లేకుండా ఉండగలదని, ఈ ఫలితం చూసి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేరని చెప్పాను. “అయితే ఇంక ఆయన్నేం అడుగుతాం లెండి,” అని కొంగు సర్దుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తనకు తెలిసిన మరో ఇద్దరు వస్తారట, క్లినిక్ ఏ వేళల్లో తెరిచి ఉంటుందని అడిగింది. సర్వేతో సంబంధం లేకుండానే వాళ్ళను డాక్టర్ మరియం చూసింది.

ఎండలు ముదరకముందే గంగారాం సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. పుండు గురించి చెప్పడానికి ఆయనకు మాటలు ఇవ్వగలిగాను. అది ఎలా వచ్చిందో చెప్పడానికి మాటలు ఆయనే వెతుక్కోవాలి.

కొన్ని వారాలు ఏ కబురూ లేదు. తర్వాత ఒకనాడు మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫోన్ మోగింది. వెనక జనం గోల, ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్న కేక. జిల్లా ఆసుపత్రి బయట నిలబడి మాట్లాడుతున్నాడు.

“మేడం, ఇద్దరం పరీక్ష చేపించుకున్నం. పెద్దరోగం లేదు. ఇద్దరికి లేదు. కాయితం చేతుల వెట్టిండ్రు.” వెంటనే, “ఆమె మాట్లాడ్తదట, ఇస్తున్న,” అన్నాడు.

ఆమె పేరు పద్మ. తడబడకుండా మాట్లాడింది.

“నమస్తే మేడం. ఆయన వచ్చిన నాడే అన్ని జెప్పిండు. నాకైతే మస్తు కోపమొచ్చింది. చేసినదానికి కోపమొచ్చింది. ఇన్నేండ్లు దాచినందుకు అంతకన్న ఎక్కువొచ్చింది. గా కోపం ఇప్పుడు గూడ ఉన్నది. పోతదో పోదో నాకెర్క లేదు. కని నేను అనుకున్నట్టు అక్కడ ఇంకో సంసారమైతె లేదు. మనిషి ఇంటికొచ్చిండు. మాత్రల సంగతి నాకు జెర మల్ల ఒకసారి జెప్పుండ్రి, ఆయన సగం మర్శిపోయిండు.”

మాత్రల సంగతి మొదటి నుంచి చెప్పాను. మధ్యమధ్య ఆగి, సందేహం వచ్చినచోట అడిగింది. సిగ్గుపడకుండా అడగవలసినవన్నీ అడిగింది. ఆ వివరాలు ఇక్కడ రాయను. అక్కడి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించమని కూడా చెప్పాను. సెలవు ముగిశాక గంగారాం తిరిగి వచ్చాడు. అప్పట్నుంచి వెకేషన్ వచ్చినప్పుడల్లా ఊరికి వెళుతున్నాడు.

సర్వే నివేదిక ఆ ఏడాది చివర్లో పూర్తయింది. అంకెలు చెప్పడం నా పని కాదు. ఒక్క విషయం మాత్రం చెప్పవచ్చు. కాగితం మార్చక ముందు వేరే చోట్ల ఒప్పుకున్న మగవాళ్ళలో వచ్చిన నిష్పత్తికీ, మార్చాక చేరినవారిలో వచ్చిన నిష్పత్తికీ తేడా ఉంది. మొదట దూరంగా నిలబడ్డవారిలోనే వైరస్ ఎక్కువగా కనిపించింది. వాళ్ళను వదిలేసి ఉంటే లెక్క తక్కువ చూపించేది, ఆ తక్కువ లెక్క చూసి అంతా బాగానే ఉందనుకునేవాళ్ళం. నివేదికలో డాక్టర్ మరియం రెండు నిష్పత్తులనూ పక్కపక్కనే అచ్చు వేయించింది. నిరాకరించినవారు ఎందరో, వాళ్ళు చెప్పిన కారణాలేమిటో కూడా చేర్చింది. ఆ తర్వాత కార్మికులు వెళ్ళే కొన్ని క్లినిక్‌లలో హెర్పిస్ మాత్రలు అందుబాటులో ఉంచారు. మరికొన్నింటిలో గర్భిణులను ఈ పుండ్ల గురించి అడగడం మొదలైంది. పెద్ద మార్పులని చెప్పను. అంతకుముందు అవి లేవు, తర్వాత ఉన్నాయి.

నేను నేర్చుకున్నది ఇది. పట్టికలో నిరాకరించినవాడి గడి ఖాళీగా కనిపిస్తుంది గాని అది ఖాళీ కాదు. చాలాసార్లు మనం వెతుకుతున్నది అక్కడే ఉంటుంది. రానివాళ్ళు మామూలుగా రాలేదా, లేక మనం లెక్కిస్తున్న రోగం కారణంగానే రాలేదా అన్నది తేల్చకుండా ఏ నిష్పత్తినీ నమ్మకూడదు. అది తేల్చడానికి గణితం కొంతవరకే పనికొస్తుంది. మిగతాది వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. పదవీ విరమణకు ముందు నేను మరొక్క సర్వేలో పనిచేశాను. దాని ప్రణాళికలో రక్తం తీయడానికి ముందు ఒక వారం కేటాయించమన్నాను. సూదులు లేకుండా వెళ్ళి, ప్రశ్నలు వినడానికి. ఇచ్చారు.